పెరటి నందివర్ధనము – పుష్పకైంకర్యము

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ తనకు భక్తితో సమర్పింపదగిన వస్తువులను నాలుగింటిని పేర్కొనెను. అవి పత్రము, పుష్పము, ఫలము, తోయము. ఎంతటి నిరుపేదకైనను ఇవి దొరకును గనుకనే స్వామి వీనిని చెప్పెనని పెద్దలు వ్యాఖ్యానింతురు. ఏమియు లేనివానికి తోయము, అనగా గుక్కెడు నీరైనను ఉండును గదా యని వారి భావము. గంగాతీరముననో కావేరీతీరముననో కూర్చుండి వినువారికి ఈ వ్యాఖ్యానము సులభముగా మనస్సునకు పట్టును. కడపమండలమున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల గృహస్థులకు మాత్రము ఈ నాలుగింటిలోను తోయమే దుర్లభమైనది. ఏడాది మొత్తమునకు సుమారు 700 మిల్లీమీటర్ల వర్షము కురియు సీమ యిది. అదియు కొన్ని యేండ్లు ముఖము చాటుచేయును. వైశాఖ జ్యేష్ఠములలో పినాకిని ఇసుకతిన్నెయై పడియుండగా, ఆ యిసుకలో చెలమలు త్రవ్వి నీరు తోడుకొన్న తరమువారు ఇప్పటికిని ఇండ్లలో గలరు. అట్టి సీమలో పెరటియందొక పూలమొక్కను బ్రతికించి, సంవత్సరము పొడుగునను స్వామికి పూవు నందించుట యనగా పుష్పమును తోయమును ఒక్క దోసిటిలో కలిపి సమర్పించుటయే.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. మనుష్యులకే నీరు చాలని యెండకాలమున పూలమొక్కకు నీరు పోయుట ధర్మమేనా? ఈ ప్రశ్నను అడుగువారు భక్తిలేనివారని కొట్టివేయరాదు. తరచుగా ఆ యింటికి నీరు మోసి తెచ్చు ఇల్లాలే దీనిని అడుగును. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను దహించిన ధాత కరువు కథలను తాతముత్తాతల నోట విన్న కుటుంబములకు నీటి విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. గండికోట జలాశయమునకు కృష్ణాజలములు వచ్చుచుండుటవలన ఇటీవల కొంత ఊరట కలిగినను, వీథి కొళాయివద్ద బిందెలు వరుసదీరు దినములు పూర్తిగా పోలేదు. కావున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పియే మొక్క సంగతి మాటలాడవలెను.

ముందుగా ఏ మొక్కను పెంచవలెనను విషయము చూడదగినది. గోదావరీతీరమున కడియపు తోటలలో పెంచిన గులాబీలు, నూరువరహాలు, మరెన్నో వింతమొక్కలు లారీలలో ఈ పట్టణములకు వచ్చుచున్నవి. కొన్నప్పుడు నిండుగా పూచియుండును. ఇంట నాటిన నాలుగు నెలలకు ఆకులు పచ్చబడి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగిలి, మొక్క క్రమముగా కృశించును. ఇంటివారు తమ చేతిగుణము మంచిది కాదని బాధపడుదురు. దోషము చేతిది కాదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు పరిసరములు నాపరాతికి పుట్టినిండ్లు. ఆ రాయి సున్నపురాయియే. అచ్చటి నేలయందును నీటియందును సున్నము మెండు. సున్నము హెచ్చైన నేలలో ఇనుము ఉన్నను నూరువరహాల వంటి మొక్క దానిని గ్రహింపజాలదు. దేవునికి పూవు కావలెనని దేశమునకు సరిపడని మొక్కను తెచ్చి, దానిని చంపుటలో పుణ్యమేమున్నది?

గన్నేరు ఈ నేలకు ఓర్చును, ఎండకును ఓర్చును. కరవీరమని దేవతార్చనలో దానికి పేరున్నది. అయితే గన్నేరులో ఆకు, పూవు, కొమ్మ, వేరు, సమస్తమును విషమే. పచ్చగన్నేరు గింజ మరింత ప్రాణాంతకము. దూడలు, మేకలు తిరుగు ఇంటను, పాకెడు బిడ్డలున్న ఇంటను దానిని పెరటిలో నాటుట వివేకము కాదు. తోటగట్టున, పశువుల నోటికందని చోట ఉండదగినది గన్నేరు.

ఇంటి పెరటికి తగినది నందివర్ధనము. ఏడాదిలో పూలు లేని దినములు దీనికి మిక్కిలి తక్కువ. ఆకు రాల్చదు. సున్నపునేలను కొంతవరకు సహించును. ఒంటిరెక్క నందివర్ధనము, ముద్ద నందివర్ధనము అని రెండు విధములు. ముద్దపూవు చూపునకు నిండుగా నుండి రాత్రివేళ చక్కని పరిమళము వెదజల్లును. ఒంటిరెక్క పూవు అయిదు రేకులతో చక్రమువలె తిరిగినట్లుండును. వైష్ణవగృహములలో కొందరు పెద్దలకు ఈ ఒంటిరెక్క పూవుమీదనే ప్రీతి యెక్కువ. స్వామిహస్తమందలి చక్రము దానియందు కనబడునని వారందురు.

పేరులో నంది యున్నది గదా, ఇది శివార్చనకే తగినదేమో యని శంకించు అమాయకులును లేకపోలేదు. శాస్త్రజ్ఞానము లేనిచోట ఇట్టి శంకలే మతవిభేదములుగా ముదురును. సంస్కృతమున దీని పేరు నంద్యావర్తము. ఆవర్తమనగా సుడి. రేకులు ఒకే దిక్కునకు ఒరిగి సుడివలె నుండుటచే నంద్యావర్తమను మంగళచిహ్నముతో దీనికి పోలిక కలిగినది. అరవమున నందియావట్టై యన్నను, కన్నడమున నందిబట్టలు అన్నను ఈ మాటయొక్క మార్పులే. తెలుగువారి నాలుకపై అది వర్ధిల్లుటగా మారి నందివర్ధనమైనది. ఇచ్చట నంది యనగా ఆనందము. ఆనందము శైవులదియు గాదు, వైష్ణవులదియు గాదు. శివకేశవులిరువురి ఆలయములందును ఈ పూవు చిరకాలముగా అర్చనకు వాడుకలో నున్నది.

ఇక నీటిమాట. పుష్పకైంకర్యమునకు ఆదర్శముగా శ్రీవైష్ణవులు తలచు మహనీయులలో అనంతాళ్వారు ముఖ్యుడు. భగవద్రామానుజులు శ్రీరంగమున తమ శిష్యసభలో, తిరుమలకు పోయి శ్రీనివాసునకు పుష్పకైంకర్యము చేయగల వారెవరని అడిగినప్పుడు, కొండమీది చలికిని జ్వరములకును వెరచి అందరును మిన్నకుండగా అనంతాళ్వారొక్కడే లేచి నిలిచెను. తిరుమలకు చేరి ఆయన చేసిన పనిని గమనింపవలెను. పూదోట వేయబూని, దానికి నీరు నిలుచుటకై చెరువు త్రవ్వ నారంభించెను. గునపముతో తాను త్రవ్వుచుండ, గర్భవతియైన ఆయన ధర్మపత్ని తట్టలతో మన్ను మోసెను. ఆమె శ్రమను చూడజాలక స్వామియే బాలుని రూపమున వచ్చి తట్ట నందుకొనెను. తన కైంకర్యములో పరులకు భాగమీయని అనంతాళ్వారు కోపించి గునపమును విసరగా, అది బాలుని గడ్డమునకు తగిలెను. అంతట ఆలయమున మూలమూర్తి గడ్డమున రక్తము కనబడెను. అర్చకులు పచ్చకర్పూరము నద్దిరి. నేటికిని శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము నలంకరింతురు. ఆ గునపమును మహాద్వారమువద్ద యాత్రికులు దర్శించుచునే యున్నారు.

ఈ కథను వినువారు సాధారణముగా గునపమును, గాయమును తలచుకొని కన్నీరు పెట్టుకొందురు. దానితోపాటు మరొకటి తలచుకొనదగినది. అనంతాళ్వారు ఊరివారి త్రాగునీటిని తన తోటకు మళ్ళించుకొనలేదు. చెరువు త్రవ్వి, కురిసిన వాననీటిని నిలుపజూచెను. స్వామి సైతము పూలబుట్ట మోయుటకు రాలేదు, మన్నుతట్ట మోయుటకు వచ్చెను. పూవును కోరువాడు ముందుగా నీటిని సమకూర్చుకొనవలెనని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

కావున ఆ ఇల్లాలి ప్రశ్నకు సమాధానమిది. దప్పిగొన్న మనిషికిని, పశువునకును చెందవలసిన నీటిని మొక్కకు పోయరాదు. ఇందులో సందేహము లేదు. స్వామి అట్టి పూవును కోరడు. అయితే ఇంటిలో దినమునకు ఎంతో నీరు ఎవరి దప్పికయు తీర్చకుండ మోరీలో కలియుచున్నది. బియ్యము కడిగిన నీరున్నది. ఆవు గల ఇంట అది కుడితితొట్టికి పోవలెను, ఆవు లేని ఇంట మొక్క పాదులోనికి పోవలెను. కూరలు కడిగిన నీరును, ఉదయమున బిందెలు తొలిచి పారబోయు నిన్నటి నీరును ఇట్లే. ఇంటనున్న సాలగ్రామమునకు అభిషేకము చేసిన తీర్థమున్నది. స్వీకరింపగా మిగిలినది కాళ్ళక్రింద పడరాదు గనుక చెట్టుమొదట పోయుట పూర్వులనుండి వచ్చిన ఆచారము.

ఇట్టి నీటితో పెరిగిన చెట్టు పూవు దేవునికి పనికివచ్చునా యని ఆచారపరులు కొందరు వెనుకాడుదురు. పృథివి సర్వమును శుద్ధిచేయునది. నేలలోనికి దిగిన నీరు నేలయొక్క రసమై చెట్టును చేరును. పశువుల పేడతో పెరిగిన తులసిని స్వామి శిరస్సున ధరించుచుండ, బియ్యపు కడుగునీటికి దోషమెక్కడిది? అయినను ఎంగిలి కంచములు కడిగిన నీటిని విడుచుట మేలు. అది మనస్సునకు సమాధానము కాదు. సబ్బునీరు మొక్కకే మంచిది కాదు. నీటిని శుద్ధిచేయు యంత్రములు ఇప్పుడు చాల ఇండ్లలో నున్నవి. అవి ఒకవైపు మంచినీటినిచ్చుచు వేరొకవైపు విడుచు నీటిలో లవణములు హెచ్చుగా నుండును. దానినే నిత్యము పోసిన పాదుపై తెల్లని పొర కట్టి, ఆకుల అంచులు మాడును. అప్పుడప్పుడు ఇతరజలముతో కలిపి పోయవచ్చును. ఏ.సి. యంత్రము నుండి బొట్టుబొట్టుగా కారు నీరు మాత్రము లవణములు లేనిది, మొక్కకు మిక్కిలి హితమైనది. లోతైన బోరుబావుల చౌడునీటితో విసిగిన పులివెందుల ప్రాంతపు ఇండ్లవారు దీనిని గుర్తింపవలెను.

ఆ ప్రాంతమున చీనీతోటల రైతులు బిందుసేద్యమున కాఱితేరినవారు. చెట్టు వేరునకు కావలసినది చినుకు చినుకుగా నందించుట వారికి క్రొత్త కాదు. ఇంటిలో నొక్క మొక్కకు గొట్టములు అక్కరలేదు. మొక్కకు మూరెడు దూరమున నొక మట్టికుండను మెడవరకు పాతిపెట్టి, నీరు నింపి, మూత వేసిన చాలును. కుండగోడలగుండ నీరు చెమ్మగా ఊరి వేళ్ళను చేరును. ఎండకు ఆవిరియై పోవు భాగము స్వల్పము. వేసవిలో కుండను వారమునకు రెండుమూడు మారులు నింపిన ఎదిగిన చెట్టు తాళగలదు. పాదుపై ఎండుటాకులనుగాని వేరుసెనగ పొట్టునుగాని నాలుగంగుళముల మందమున కప్పుట మరువరాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుప్రక్కల నల్లరేగడి వేసవిలో బీటలు వారినప్పుడు సన్నని వేళ్ళు తెగిపోవును. ఆ కప్పు బీటలను కొంత నివారించును.

నాటుటకు ఆషాఢ శ్రావణములు అనుకూలములు. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గల గుంట తీసి, తీసిన మన్నులో మాగిన పశువుల ఎరువును, ఎఱ్ఱమట్టిని, కొంత ఇసుకను కలిపి నింపవలెను. నాపరాళ్ళు పరచిన పెరడులందు మధ్యాహ్నపు రాతివేడి మొక్కను ఉడికించును. అట్టిచోట మొక్క చుట్టును రెండు మూడు బండలను తొలగించి నేలను విడిచిపెట్టుట అవసరము. తూర్పుఎండ తగులుచు పడమటిఎండకు గోడ అడ్డుపడు చోటు దొరికిన శ్రేష్ఠము. అంటులు కొనవలసిన పనిలేదు. ముదిరీ ముదరని కొమ్మను జానెడు పొడవున కోసి, కారు పాలు ఆరిన పిమ్మట క్రిందియాకులను తీసివేసి, ఇసుక కలిసిన మట్టిలో నీడపట్టున గ్రుచ్చిన సుమారు నెల, నెలన్నరలో వేళ్ళు పట్టును. ఆ పాలు కంట పడకుండ జాగ్రత్త వహింపవలెను. నందివర్ధనము కన్నులకు చలువ యని పూలను కనురెప్పలపై ఉంచుకొను వాడుక ఇండ్లలో నున్నది. పూవు చలువయే కావచ్చును, పాలు మాత్రము కంటికి మంట.

చెట్టును కత్తిరించుటకు చాలమంది సాహసింపరు. పూచు చెట్టును కోయుట పాపమని జంకుదురు. ఏటికొకసారి, చలి తగ్గు మాఘమాసమున ఎండిన కొమ్మలను, లోపలికి పెరిగిన కొమ్మలను తీసివేసిన, క్రొత్త చిగురు పుట్టి దానిపై మొగ్గలు వచ్చును. ఎండ ముదిరిన తరువాత కత్తిరింపరాదు.

కొన్ని దినములలో ఆకులన్నియు కొరికివేయబడి కనబడును. లావైన ఆకుపచ్చని పురుగొకటి, పెద్ద సీతాకోకవంటి రెక్కలపురుగు పిల్ల, గన్నేరును నందివర్ధనమును తిని బ్రతుకును. దీనిని చూచి వెంటనే అంగడికి పరుగెత్తి విషపుమందు తెచ్చి చల్లువారున్నారు. ఆ పూవు రేపటి యుదయమున స్వామి పాదములపై నుండును. పిదప నిర్మాల్యమై ఇంటిబిడ్డల చేతికి వచ్చును, కన్నులకద్దుకొనబడును. విషము చల్లిన పూవుతో అర్చించుట ఏ ఆగమమును ఒప్పదు. పురుగును చేతితో ఏరి దూరముగా విడువవచ్చును. పిండినల్లి పట్టిన చోట లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె కలిపి చల్లిన చాలును. ఒక్కొక్కప్పుడు కొన్ని ఆకులను పురుగునకు విడిచిపెట్టినను చెట్టు చావదు.

పూలు కోయుటయందు నియమములు పెద్దలు చెప్పినవే. వేకువను శుచియై, కొమ్మ విరువక, తొడిమతో కోసి, వాసన చూడక, నేలరాలిన దానిని, పురుగు తిన్న దానిని విడిచి, శుభ్రమైన ఆకులోగాని సజ్జలోగాని ఉంచవలెను. చెట్టును పూర్తిగా దోచివేయక కొన్ని పూలను దానిమీదనే ఉంచుట మర్యాద. రాత్రివేళ తిరుగు రెక్కలపురుగులు ఆ తెలుపును, ఆ పరిమళమును వెదకికొని వచ్చును. వానికిని స్వామియే దిక్కు.

ఇచ్చట నొక ముచ్చట. ప్రొద్దుటూరు వంటి పట్టణములలో తెల్లవారకముందే వంకరకఱ్ఱతో సంచితో బయలుదేరి, పరుల ప్రహరీలమీదుగా వ్రాలిన కొమ్మలను వంచి పూలు కోయు భక్తులు కొందరు గలరు. అడిగినచో దేవునికై కోయు పూవు దొంగతనము కాదని శాస్త్రము చెప్పుచున్నదందురు. యాజ్ఞవల్క్యస్మృతియందును గౌతమధర్మసూత్రములందును పూల విషయమున కొంత వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే ఆ వచనములు ఊరిని ఆనుకొని వనములున్న కాలమున, గోవులకు గడ్డి, అగ్నికి సమిధలు తెచ్చుకొను సందర్భమున చెప్పబడినవి. గౌతముడే ఫలముల విషయమున, కంచెలేని చెట్లకు మాత్రమే ఈ అనుమతియని కట్టడి చేసెను. బిందె నీటిని లెక్కపెట్టి పోసి పెంచిన చెట్టు పూవును చీకటిలో కోసికొనిపోవుటకు ఆ వచనములు ఆధారము కాజాలవు. యజమానిని అడుగుటకు భక్తునికి నోరున్నది గదా! అడిగినచో కాదనువారు అరుదు.

అంగటిలో పూలు కొని సమర్పించుట తక్కువదని దీని భావము కాదు. పెరడు లేనివారున్నారు, వృద్ధులున్నారు. మథురలో సుదాముడను మాలాకారుడు పూలమాలలు కట్టి జీవించువాడు. కంసుని పట్టణమున కాలిడిన రామకృష్ణులు తామై అతని యిల్లు వెదకికొని పోయిరి. పూలు కట్టి బ్రతుకు కుటుంబములు స్వామికి దూరమైనవారు కారు. అయినను తిరుమలలో పూచిన పూవు స్వామికేయని, కొండపై స్త్రీలు సైతము పూలు ముడువరాదని పెట్టుకొన్న కట్టుబాటు వెనుకనున్న భావమును పెరటి చెట్టు నేర్పినట్లు అంగడి నేర్పజాలదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కీర్తించిన విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున తోటపని చేసినవాడు. గోదాదేవి ఆ తోటయందే, తులసివనమున దొరికెను.

జమ్మలమడుగునకు సమీపముననే గండికోటయున్నది. పినాకిని కొండలను చీల్చుకొని పారు ఆ లోయ అంచున మాధవరాయస్వామి ఆలయమును, రంగనాథస్వామి ఆలయమును నిలిచియున్నవి. ఎంతటి శిల్పము! ఎంతటి గోపురము! 17వ శతాబ్ది మధ్యమున కోట మీర్ జుమ్లా వశమైన తరువాత ఆ వైభవము క్రమముగా అంతరించినది. గర్భాలయములందు నేడు మూర్తులు లేవు, అర్చన లేదు. దేశదేశములనుండి వచ్చువారు స్తంభములను చూచి మెచ్చుకొని పోవుచున్నారు. రాయి నాలుగు వందల యేండ్లు తాళినది, పూవు అందించు చేయి తాళలేదు. పినాకినీతీరముననే జమ్మలమడుగులో నారాపుర వేంకటేశ్వరస్వామికిని, పులివెందులలో రంగనాథస్వామికిని నిత్యార్చన జరుగుచున్నది. పండుగదినమున మాలలు ఎక్కడనుండియైనను వచ్చును. పండుగకాని మంగళవారమున, ఎండలు మండు జ్యేష్ఠమున, అర్చకుని సజ్జలో పడు నాలుగు పూలు ఆ ఊరి పెరడులనుండి రావలసినవే.

మరునాడు ఆ పూలు నిర్మాల్యమగును. దానిని మోరీలో వేయుట అపచారము. సంచిలో కట్టి కాలువలో విసరుటయు ఇటీవల హెచ్చినది. ఇంటి నిర్మాల్యమును చెట్టు పాదుకు ప్రక్కన చిన్న గుంట తీసి అందులో వేసి మన్ను కప్పవలెను. వర్షాకాలము వచ్చునప్పటికి అది నల్లని ఎరువగును. ఆ ఎరువును క్రొత్తగా గ్రుచ్చిన కొమ్మలకు వేయుదురు. వేళ్ళు పట్టిన కొమ్మలలో ఒకటి తమకుంచుకొని తక్కినవి శ్రావణశనివారమునాడు తాంబూలముతో ఇరుగుపొరుగు ఇండ్లకును, కోవెల తోటకును ఇచ్చు కుటుంబములున్నవి. తీసికొన్నవారు ఆ ఏటి యెండకాలము గడచువరకు మొక్క యెట్లున్నదో వచ్చి చెప్పిపోవుదురు.